యాంటీబాడీ టెస్ట్ నెగెటివ్ వస్తే టీకా దండుగేనా?

మీ అమ్మకు లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్) కీమో అయిపోయింది, రెండు డోసులు కోవిషీల్డ్ కరోనా టీకా వేయించినా యాంటీబాడీలు రాలేదు, టీకా దండుగేనా అని అడిగారు. మా బాపుది కూడా ఇదే కథ. నేను డాక్టర్‌ను కాను, హన్మకొండలో ఫోటో స్టూడియో నడుపుకుంటాను. ఆయన ఫైల్ మోసుకుంటూ తిరిగి నేర్చుకున్నదే ఇదంతా.

బాపుకు ఆరో కీమో 2021 మేలో అయింది. జూన్‌లో మొదటి డోసు, సెప్టెంబర్‌లో రెండోది. దసరా ముందు టెస్ట్ చేయిస్తే నెగెటివ్. "ఏందిరా, సూదిల నీళ్లు పోసిచ్చిండ్రా?" అన్నడు.

డాక్టర్ రిపోర్టు చూసి నవ్వారు. ల్యాబ్ వాళ్లు వెతికింది న్యూక్లియోకాప్సిడ్ అనే వైరస్ లోపలి ప్రోటీన్ మీది యాంటీబాడీలను. కోవిషీల్డ్ ఒంటికి చూపించేది వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ ఒక్కటే, కాబట్టి టీకా ఎంత బాగా పట్టినా ఆ టెస్ట్‌లో కనబడదు. మీ రిపోర్టులో ముందు న్యూక్లియోకాప్సిడ్ అని ఉందా, స్పైక్ అని ఉందా చూడండి. మేం మళ్లీ డబ్బులు పెట్టి స్పైక్ టెస్ట్ చేయించాం. అందులోనూ దాదాపు ఏమీ లేదు.

దానికి కారణం కీమోతో పాటు ఎక్కించిన రిటుక్సిమాబ్ అనే మందు. అది క్యాన్సర్ కణాలతో పాటు మంచి బి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా ఊడ్చేస్తుంది. యాంటీబాడీలు తయారు కావాల్సింది ఆ బి కణాల నుంచే. అవి తిరిగి రావడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మేం నెలకే టీకా వేయించాం. ఆగాల్సిందా? డెల్టా రకం కరోనా అప్పుడు ఊళ్లను ఊపేస్తోంది. నేనైతే ఇప్పటికీ ఆగేవాణ్ని కాను.

ఎందుకంటే రోగంతో పోరాడే ఇంకో రకం తెల్ల రక్తకణాలు, టి కణాలు, వేరే దారిలో పని చేస్తాయి, రిటుక్సిమాబ్ వాటి జోలికి పెద్దగా పోదు. బ్రిటన్‌లో క్యాప్చర్ అనే అధ్యయనంలో రెండు డోసుల తర్వాత గడ్డల క్యాన్సర్ వాళ్లలో 85 శాతం మందికి, రక్త క్యాన్సర్ వాళ్లలో 59 శాతం మందికే యాంటీబాడీలు వచ్చాయి. టి కణాల స్పందన మాత్రం మొత్తం మీద 80 శాతం మందిలో కనిపించింది. వాళ్లకు వేసిన టీకాల్లో ఒకటి మన కోవిషీల్డే. మామూలు ల్యాబ్ రిపోర్టు ఈ టి కణాల సంగతి చెప్పదు.

అట్లని మేం ధైర్యం చేయలేదు. ఇంట్లో అందరం టీకాలు వేయించుకున్నాం. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోతానని బాపు పట్టుబడితే, రైసుమిల్లు కాంటా మీద ఆయన్ను తూచి, ఆ ఎత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే అట్లంటారు) చిన్నబాపుతో పంపించాం. కీమోకు ముందు తూచి ఉంటే బెల్లానికి ఇంకా ఖర్చయ్యేది! బాపు నాతో వారం మాట్లాడలేదు.

జూన్‌లో ముందుజాగ్రత్త డోసు, అంటే మూడోది, వేయించాం. అప్పటికి రిటుక్సిమాబ్ ఆపి ఏడాది దాటింది. ఈసారి స్పైక్ యాంటీబాడీలు కనబడ్డాయి, కొద్దిగానే అయినా. రెండో డోసుకూ దీనికీ మధ్య తొమ్మిది నెలలు ఆగాలన్న రూలును 2022 జూలైలో ఆరు నెలలకు తగ్గించారు. అమ్మకు చివరి రిటుక్సిమాబ్ ఏ తేదీన ఎక్కించారో ఫైల్‌లో వెతికి, ఆ కాగితం చూపించి డాక్టర్‌ను తర్వాతి డోసు గురించి అడగండి.