ఆయుధాలతో పూడ్చిన ఆడవారు: సర్మేషియన్ సమాధులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సర్మేషియన్ల సమాధుల్లో బాణాలతో, బాకులతో పూడ్చిన స్త్రీల అస్థిపంజరాలు దొరికాయని చదివాను. వారు నిజంగా యుద్ధం చేసినవారేనా, లేక గౌరవం కోసం ఆయుధాలు పక్కన పెట్టారా? ఈ సంగతి ఎలా తేలుస్తారు?
– ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం

జవాబు: సర్మేషియన్లు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 4వ శతాబ్దం దాకా, ఉరల్ కొండల దక్షిణ భాగం మొదలుకొని డాన్యూబ్ నది వరకు గుర్రాలతో, పశువుల మందలతో తిరిగిన సంచార జాతులు. వారు తమ చరిత్రను రాసిపెట్టుకోలేదు కనుక, సమాధుల మీద వారు పోసిన మట్టిదిబ్బలే మనకు ప్రధాన ఆధారం. వారికి పూర్వీకులుగా భావించే సౌరోమేటియన్ల గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాస్తూ, వారి ఆడవారు గుర్రమెక్కి వేటకూ యుద్ధానికీ వెళతారనీ, శత్రువును ఒక్కడినైనా చంపనిదే ఆడపిల్లకు పెళ్ళి కాదనీ చెప్పాడు. దీన్ని చాలాకాలం కట్టుకథగానే చూశారు.

కజకిస్తాన్ సరిహద్దు దగ్గర పొక్రోవ్కా అనే చోట 1990లలో అమెరికన్, రష్యన్ పరిశోధకులు కలిసి జరిపిన తవ్వకాల్లో, పదమూడు పద్నాలుగేళ్ళ అమ్మాయి సమాధి ఒకటి బయటపడింది. ఆమె కుడి పక్కన ఇనుప బాకు, ఎడమ పక్కన నలభైకి పైగా కంచు ములుకుల బాణాలున్న అంబులపొది ఉన్నాయి. కాలి ఎముకలు వంగి ఉన్నాయి. చిన్ననాటి నుంచి గుర్రపు స్వారీ చేయడం వల్లే అలా వంగాయని తవ్వినవారు భావించారు. మరో స్త్రీ అస్థిపంజరంలో, శరీరం లోపలి భాగాన, వంగిపోయిన బాణపు ములుకు దొరికింది.

మీ అనుమానం సరైనదేనని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే సమాధిలోని వస్తువులను అక్కడ ఉంచింది బతికున్నవారు. అవి చనిపోయినవారి పనిముట్లే కావచ్చు, వంశ గౌరవానికి గుర్తులూ కావచ్చు. పైగా వంగిన కాళ్ళు విటమిన్ డి లోపం వల్ల వచ్చే రికెట్స్‌లో కూడా కనిపిస్తాయి. అందువల్ల ఒక్క బాకును చూసి యోధురాలని తీర్పు చెప్పలేము. కానీ వస్తువుతో పాటు ఎముక కూడా అదే మాట చెప్పినప్పుడు, శరీరంలో దిగిన ములుకు విషయంలో జరిగినట్టు, వాదన గట్టిపడుతుంది. ఒకప్పుడు కత్తి ఉంటే మగవాడు, అద్దం ఉంటే ఆడది అని ఎముకలను చూడకుండానే రాసుకున్న తవ్వకాలు ఉన్నాయి. ఆ పద్ధతిలో ఎంతమంది ఆడవారు మగవారుగా నమోదై ఉంటారో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. ఇప్పుడు కటి ఎముక ఆకారాన్ని, వీలైన చోట డీఎన్ఏను పరీక్షించి నిర్ణయిస్తున్నారు.

ప్రశ్న: అంత బంగారం సమాధుల్లో ఉంటే దొంగలు వదిలారా?
– ఒక డిగ్రీ విద్యార్థి, జమ్మలమడుగు

జవాబు: వదల్లేదు. రష్యాలో ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని ఫిలిప్పోవ్కా వద్ద 1986 నుంచి 1990 వరకు తవ్విన పెద్ద దిబ్బను ప్రాచీన కాలంలోనే దోచుకున్నారు. అయినా దొంగల చేతికి చిక్కని గుంటల్లో, చెక్కతో చేసి బంగారు, వెండి రేకులు తొడిగిన ఇరవై ఆరు దుప్పి బొమ్మలు మిగిలాయి. నొవొచెర్కాస్క్‌లో 1864లో బయటపడిన ఖొఖ్లాచ్ దిబ్బలోని బంగారు కిరీటం ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. దాని పై అంచున చెట్లూ దుప్పులూ, నడుమ గ్రీకు శైలిలో చెక్కిన స్త్రీ ముఖం ఉంటాయి. డాన్ నది దిగువ ప్రాంతంలోని సమాధుల్లో రోమన్ కంచు పాత్రలు, చైనా హన్ రాజుల కాలపు అద్దాలు కూడా దొరికాయి. ఈ మందల కాపరులు రెండు మహా సామ్రాజ్యాల సరుకులను ఒకే చోట పోగుచేసుకోగలిగారన్నమాట.

దీనికి భిన్నంగా, రష్యా చక్రవర్తి మొదటి పీటర్ కాలంలో సైబీరియా దిబ్బలను గుల్ల చేసిన నిధి వేటగాళ్ళ నుంచి చేరిన బంగారు ఆభరణాలు ఎంతో అందమైనవి. కానీ అవి ఎవరి సమాధిలోవి, ఏ ఎముకల మీద ఉన్నవి, పక్కన ఏ కుండ ఉంది అన్నది ఎవరూ చెప్పలేరు. ఆ సమాచారం దొంగ గడ్డపారతోనే పోయింది. పొక్రోవ్కా అమ్మాయి దగ్గర బంగారపు రాశులు లేకపోయినా, బాకు ఏ పక్కన ఉందో తెలిసింది కనుకనే ఆమె గురించి ఇంత మాట్లాడుకోగలుగుతున్నాము.

ప్రశ్న: మా ఊరి దగ్గర రాకాసి గుళ్ళు ఉన్నాయి. వాటికీ ఈ సమాధులకూ సంబంధం ఉందా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: సంబంధం లేదు. మీ దగ్గరున్నవి ఇనుప యుగంలో దక్షిణాదివారు బండలతో కట్టుకున్న సమాధులు. సర్మేషియన్లు ఇక్కడికి వచ్చినట్టు ఆధారమేదీ లేదు. పద్ధతి కూడా వేరు. వారు సాధారణంగా శవాన్ని చాపి పడుకోబెట్టి, తినడానికి గొర్రె కాలో గుర్రపు మాంసమో కత్తితో సహా పెట్టి, మట్టి పోసేవారు. చాలాసార్లు అంతకు ముందు వేల ఏళ్ళ నాటి కంచు యుగపు దిబ్బలోనే కొత్త గుంట తవ్వేవారు. మన పొరుగున చిత్రదుర్గం జిల్లాలోని బ్రహ్మగిరిలో 1947లో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వించిన రాతి గదుల్లో, గుండ్రటి రంధ్రమున్న బండ వెనుక, నలుపు ఎరుపు కుండలతో పాటు విడివిడిగా ఏరి చేర్చిన ఎముకలు కనిపించాయి. కడప జిల్లా శంఖవరంలో దొరికిన జంతువు ఆకారపు మట్టి శవపేటిక మరో రీతికి చెందినది.

గుప్తనిధుల పేరిట మన సీమలో రాత్రిపూట బండలను పెకలించేవారికి ఇటువంటి చోట సాధారణంగా దొరికేది పగిలిన కుండలూ తుప్పు పట్టిన ఇనుమే. మీ పొలంలో అటువంటి బండ బయటపడితే నాగలిని పక్కకు మళ్ళించి, ఏదీ కదల్చకుండా ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. విలువైన వస్తువు దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి.