దెబ్బ తగిలినప్పుడల్లా రోబో ఆగిపోవడం: తీగ కొనలను చూడండి

స్క్రూ టెర్మినళ్ళను (తీగ కొనను స్క్రూ కింద నొక్కి పట్టే బిగింపులను) ఎంత బిగించినా రోబోల పోరు పోటీలో వదులై, ప్రతి దెబ్బకూ రోబో ఒక్క క్షణం ఆగుతోందని రాశారు. తీగ కొనలకు సోల్డర్ (కరిగించి తీగలను అతికే లోహం) పూసి స్క్రూ కింద బిగించడమే దీనికి కారణమై ఉండవచ్చు. సోల్డర్ మెత్తని లోహం కనుక, ఎడతెగని ఒత్తిడికి మెల్లగా పక్కకు జరిగి స్క్రూ పట్టును సడలిస్తుంది.

1. ముందుగా లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని వేరు చేయండి.

2. సోల్డర్ అంటిన కొనను కత్తిరించి, కొత్త కొనకు పిన్ లగ్ (తీగకు తొడిగే, సన్నని పుల్ల లాంటి లోహపు కొన) తొడిగి, దాన్ని తీగకు నొక్కి బిగించే క్రింపింగ్ టూల్‌తో నొక్కి, గట్టిగా లాగి చూడండి. ఇవి మీ రాయగడలో (ఒడిశా) దొరకకపోతే బరంపురంలో ప్యానెల్ బోర్డు సామాను అమ్మే దుకాణాలలో అడగండి.

3. చాలామంది వదిలేసేది ఈ పనే: అతుకుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో తీగను జిప్ టైతో ఛాసిస్‌కు (రోబో చట్రానికి) కట్టి, మధ్యలో కొంచెం వదులు ఉంచాలి. అలా కట్టకపోతే, టెర్మినళ్ళు తీసేసి ఎక్స్‌టీ60 కనెక్టరు (తీగలకు సోల్డర్‌తో అతికే ప్లగ్గు జత) పెట్టినా (నా అభిప్రాయంలో అదే మేలు), తాకిడి అంతా అతుకు మీదే పడి, సోల్డర్ పీల్చుకుని బిరుసెక్కిన భాగం ముగిసే చోటనే తీగ పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైన తొడుగు ఉన్నందున ఆ తెగుదల కంటికి కనిపించదు.

4. రిసీవర్ (రిమోట్ సంకేతాలను అందుకునే పరికరం) ప్లగ్గులు ఊడకుండా కాస్త హాట్ గ్లూ వేయండి.