నాన్‌నల్ అని రాసినా నల్ ఎందుకు లోపలికి వస్తోంది?

హన్మకొండ నుంచి అడిగిన తమ్ముడికి: సి ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్‌కు నాన్‌నల్ యాట్రిబ్యూట్ (దీనికి నల్ రాదు అని చెప్పే గుర్తు) పెట్టావు, అయినా నల్ పాయింటర్, అంటే ఏ వస్తువునూ చూపని ఖాళీ పాయింటర్, వచ్చింది, పైగా ఓ2 (కోడ్‌ను వేగంగా నడిచేలా మార్చే ఆప్షన్)తో కంపైల్ చేస్తే లోపల రాసుకున్న నల్ చెక్ పనిచేయడం లేదు, ఇదే కదా నీ టెన్షన్.

జీసీసీ అనే కంపైలర్‌లో ఆ యాట్రిబ్యూట్ కాపలా కాదు, నువ్వు కంపైలర్‌కు ఇచ్చే మాట. నేరుగా నల్ అని రాసి పంపితే వాల్ (హెచ్చరికలు ఆన్ చేసే) ఆప్షన్‌తో హెచ్చరిస్తుంది, కానీ విలువ రన్ టైమ్‌లో వచ్చేదైతే దానికి తెలిసే దారే లేదు. అసలు ప్రమాదం ఇక్కడే: ఈ పాయింటర్ ఎప్పటికీ నల్ కాదని నమ్మేసి, ‘ఇఫ్ పి ఈక్వల్ టు నల్’ అన్న నీ చెక్‌ను ఆప్టిమైజర్ అనవసరమని తీసేస్తుంది, ఆ తర్వాత నల్ వస్తే ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

క్లాంగ్ అనే మరో కంపైలర్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే నాన్‌నల్, నల్లబుల్ వేరు. అవి పాయింటర్ టైప్‌కు అంటుకునే గుర్తులు, హెచ్చరికలకూ, ప్రోగ్రామ్ నడపకుండానే కోడ్‌ను పరిశీలించే స్టాటిక్ ఎనలైజర్‌కూ పనికొస్తాయి, నీ చెక్ జోలికి పోవు. నాకైతే ఇవే నయం. ప్రోగ్రామ్ నడుస్తుండగా తప్పులు పట్టే శానిటైజర్‌లో నల్లబిలిటీ ఆన్ చేస్తే రన్ టైమ్‌లోనూ పట్టిస్తుంది.

జీసీసీ యాట్రిబ్యూటే ఉంచాలంటే, నీ చెక్‌లను తీసేయనివ్వని నో డిలీట్ నల్ పాయింటర్ చెక్స్ ఫ్లాగ్ పెట్టు, లైనక్స్ కెర్నల్ కూడా దానితోనే బిల్డ్ అవుతుంది.