కమిట్ మెసేజ్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మా టీమ్‌లో గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ ఓ మెసేజ్‌తో 'కమిట్'గా భద్రపరిచే సాధనం) లాగ్ తెరిస్తే అన్నీ 'ఫిక్స్', 'అప్‌డేట్', 'రివ్యూ కామెంట్స్' అనే ఉంటాయి. పాత మార్పు ఎందుకు చేశారో చెప్పేవాళ్లు లేరు. మెసేజ్ ఎలా రాయాలి? పుష్ చేసేసినవి, అంటే టీమ్ ఉమ్మడి కాపీకి పంపేసినవి, సరిదిద్దుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఏ లైను మారిందో డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) చూపిస్తుంది. ఎందుకు మారిందో మీరు రాస్తేనే తెలుస్తుంది. 'టైమౌట్ మార్చాను' అని వదిలేస్తే రేపు బ్లేమ్ (ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చూపే గిట్ ఆదేశం) తీసి చూసేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఇలా రాసి చూడండి:

పేమెంట్ టైమౌట్ 5 నుంచి 30 సెకన్లకు పెంచు

రద్దీ వేళల్లో బ్యాంకు జవాబుకు 20 సెకన్ల దాకా పడుతోంది. మనం 5 సెకన్లకే వదిలేయడంతో డబ్బు కట్ అయినా ఆర్డర్ ఫెయిల్ అని చూపిస్తోంది. రీట్రై పెడితే డబ్బు రెండుసార్లు కట్ అయ్యే ప్రమాదం ఉంది, అందుకే పెట్టలేదు.

ఇందులో అన్నిటికన్నా విలువైంది చివరి వాక్యం. అది లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు మంచి ఉద్దేశంతోనే రీట్రై పెట్టేస్తారు.

మొదటి లైను 50 అక్షరాల లోపు ఉంచండి. రెండో లైను ఖాళీగా వదలాలి. వదలకపోతే కింది లైన్లను కూడా గిట్ శీర్షికలోనే కలిపేసుకుంటుంది, కమిట్‌కు ఒక్క లైనే చూపే వన్‌లైన్ లాగ్ చదవడానికి వీల్లేకుండా పోతుంది. మిగతా లైన్లు 72 దగ్గర విరవండి.

ఎం ఆప్షన్‌ (-m)తో ఒక్క ముక్కలో కమిట్ చేసే అలవాటే 'ఫిక్స్'లకు మూలం. దాని బదులు గిట్ కమిట్‌కు వి ఆప్షన్ (-v) ఇవ్వండి. ఎడిటర్‌లో డిఫ్ కళ్లెదుటే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: '#' తో మొదలయ్యే లైనును గిట్ వ్యాఖ్యగా భావించి తీసేస్తుంది. '#123' లాంటి టికెట్ నంబరును లైను మొదట్లో పెడితే మాయమవుతుంది, ముందు 'టికెట్' అని ఓ మాట చేర్చండి.

శీర్షిక ఒక లైనులో ఇమడట్లేదంటే చాలాసార్లు తప్పు కమిట్‌లోనే ఉంటుంది. గిట్ యాడ్‌కు పి ఆప్షన్ (-p) ఇచ్చి మార్పులను ముక్కలుగా ఎంచుకుని విడివిడిగా కమిట్ చేయండి. రేపు ఒక్కదాన్నే రివర్ట్ (వెనక్కి తీసుకోవడం) చేయాల్సి వస్తే ఇదే ఆదుకుంటుంది.

పుష్ చేయనివైతే, చివరిదాన్ని అమెండ్‌ (గిట్ కమిట్‌కు --amend ఆప్షన్)తో, వెనకటివాటిని ఇంటరాక్టివ్ రీబేస్‌ (పాత కమిట్లను వరుసగా తిరగరాసే గిట్ ఆదేశం)లో 'రీవర్డ్'తో దిద్దుకోవచ్చు. అందరూ వాడే బ్రాంచ్‌లోకి వెళ్లినవాటి జోలికి పోవద్దు. మెసేజ్ మారితే ఆ కమిట్‌కూ, దాని తర్వాతి వాటన్నిటికీ హ్యాష్ (కమిట్‌ను గుర్తించే కోడ్) మారిపోతుంది, మిగతావాళ్ల కాపీలతో పొసగదు. చెప్పి తీరాల్సిన కారణముంటే ఆ కోడ్ దగ్గరే కామెంట్‌గా రాసి కొత్త కమిట్ చేయండి.