భూమి గురించి రాసేముందు ఒక ఆవగింజ తెచ్చుకో

చి. అమ్మాయికి,
ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ‘అనంత విశ్వంలో ఒక చిన్న నీలి బిందువు మన భూమి’ అన్న మొదటి వాక్యం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ఆ వాక్యం పిల్లల వ్యాసాల్లో చూశాను, పెద్దల వ్యాసాల్లో చూశాను, ఒకట్రెండుసార్లు నేనూ రాశాను.

అసలు గొడవ మూడో పేరాలో ఉంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం 150 కోట్ల కిలోమీటర్లని రాశావు. ఎక్కడ జారావో తెలుస్తూనే ఉంది. ఇంగ్లిష్‌లో 150 మిలియన్లని చదివి, మిలియన్ ఉన్నచోట కోటి పెట్టేశావు. మిలియన్ అంటే పది లక్షలమ్మా. అది 15 కోట్లు. ఒక్క సున్నాయే కదా అంటావేమో, ఆ ఒక్క సున్నాతో భూమిని తీసుకెళ్ళి శనిగ్రహం పక్కన కూర్చోబెట్టావు! పైగా ఆ కింది వాక్యంలోనే సూర్యకాంతి మనల్ని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుందని సరిగ్గా రాశావు. అంటే 500 సెకన్లు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. గుణించి చూస్తే నీ తప్పు నీకే దొరికేది.

సరే, 15 కోట్లని దిద్దుకున్నావనుకో. చదివేవాడికి ఏం తెలిసింది? నా మాట విని పోపులపెట్టెలోంచి ఒక లావుపాటి ఆవగింజ తీసుకో. రెండు మిల్లీమీటర్లుంటుంది. అది భూమి. సూర్యుడి అడ్డుకొలత భూమికి 109 రెట్లు కాబట్టి సూర్యుడు ఒక ఫుట్‌బాల్. రెండింటినీ ఎంత దూరంలో పెట్టాలి? బల్ల మీద ఈ చివరా ఆ చివరా పెడతారు చాలామంది. దాదాపు 23 మీటర్లు పెట్టాలి. మా వీధిలో నడిచి చూశాను, ముప్పైరెండు అంగలు పట్టింది. అక్కడినుంచి చూస్తే ఆవగింజ కాదు కదా, అది పెట్టిన కాగితమే ఆనలేదు. చందమామ ఆవగింజకు ఆరు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నెప్ట్యూన్ ఓ శనగగింజ, ఫుట్‌బాల్‌కు 700 మీటర్ల అవతల. మా వీధి చాల్లేదు, బస్టాపు దాటి పోవాలి.

‘ఆదిత్య-ఎల్1 సూర్యుడి దగ్గరికి వెళ్ళింది’ అన్న నీ వాక్యం కూడా ఇక్కడే తేలిపోతుంది. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆ నౌక ఉన్నది మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. నీ ఆవగింజ నుంచి ఒక జాన. మిగతా దారంతా అలాగే ఉంది.

తప్పుల్లో నేనేం తక్కువ తిన్నానా? కొత్తలో ఓ పత్రికకు ‘ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా జరుగుతుంది’ అని రాశాను. అచ్చయింది కూడా. వారం తిరక్కుండా ఓ కార్డు వచ్చింది. ‘అయ్యా, మనకు ఎండలు కాసేటప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళు స్వెట్టర్లు ఎందుకు వేసుకుంటారు?’ అంతే, సంతకం కూడా లేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నిజానికి మనం సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, ధనుర్మాసపు చలిలో వణుకుతూ ముగ్గులేసుకునే రోజుల్లో. జూలై మొదట్లో అంతకన్నా 50 లక్షల కిలోమీటర్లు ఎడంగా ఉంటాం. కాలాలు మారేది భూమి 23.4 డిగ్రీలు వాలి తిరగడం వల్ల. గోడ మీద టార్చి తిన్నగా వెయ్యి, తర్వాత ఏటవాలుగా వెయ్యి. అదే వెలుగు సాగి పలచబడుతుంది. చలికాలపు ఎండ సంగతీ అంతే.

నవగ్రహాలను వెక్కిరించిన పేరా తీసెయ్. ‘సూర్యుణ్ణి గ్రహమన్నారు, భూమిని వదిలేశారు’ అని నవ్వావు. నేల మీద నిలబడి ఆకాశంలో కదిలేవాటిని లెక్కపెట్టేవాళ్ళు కాళ్ళకింది నేలను ఎందుకు కలుపుతారు? రాహుకేతువులంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు. గ్రహణాలు వచ్చేది సూర్యచంద్రులిద్దరూ ఆ చోట్ల దగ్గరున్నప్పుడే. అది రాయి, నీ వ్యాసం చదువుతారు.

చిన్నచిన్నవి: ప్లూటోను 2006లోనే గ్రహాల జాబితాలోంచి తీసేశారు. శనికి ఎన్ని చందమామలో రాస్తే అది ఏ ఏటి లెక్కో కూడా రాయి. 2025లో ఒక్కసారే 128 కలిసి 274 అయ్యాయి. యురేనస్‌ని యురేనస్ అనే రాయి. వరుణుడంటే కొందరికి యురేనస్, కొందరికి నెప్ట్యూన్.

రెండో ప్రతికి తొందరేం లేదు. హైదరాబాద్‌లోనే ఉంటున్నావు కదా, మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటగానే డాబా మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి పెట్టు. పావుగంట కదలకుండా చూడు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేసరికి నీడ గ్లాసు కిందికి దూరిపోతుంది. అప్పుడు రాసి పంపు. చెప్పులు మాత్రం వేసుకుని వెళ్ళు, డాబా కాలుతుంది.

ఇట్లు,
మీ మాస్టారు