డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి 10 రూపాయలు కట్టమంటే?

గూగుల్‌లో దొరికిన ఆసుపత్రి నంబరుకి ఫోన్ చేస్తే, వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపి, ఇన్‌స్టాల్ చేసుకుని 10 రూపాయలు కట్టమన్నారు, నమ్మొచ్చా అని అడిగారు. వద్దు, అది మోసమే. పది రూపాయలు ఎర మాత్రమే. పేరు చివర ఏపీకే అని ఉండే ఆ ఫైల్‌కి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే, బ్యాంకు పంపే ఓటీపీలు వాళ్లకీ చేరిపోతాయి. సెర్చ్‌లో కనిపించేదల్లా ఆసుపత్రి వాళ్లు పెట్టిన నంబరే కానక్కర్లేదు. దానికన్నా పాత మందుల చీటీ మీదున్న నంబరు నయం. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు, ఆ టెన్షన్‌లో ఇవేవీ తట్టవు లెండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ ఆపేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. పోయిన డబ్బు మోసగాళ్ల ఖాతా నుంచి ఇంకా చేతులు మారకపోతే దాన్ని అక్కడే నిలిపేసే వీలుంటుంది.