ట్రైలర్ కట్టే ముందు బండి యాక్సిల్ రేషియో తెలుసుకోవడం ఎలా?

ఒకే మోడల్, ఒకే ఇంజిన్ ఉన్న రెండు పికప్‌లు లాగగలిగే బరువు ఒకటే కాకపోవచ్చు. తేడా చాలాసార్లు వెనక యాక్సిల్ రేషియోలోనే ఉంటుంది. 3.73 అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని వెనక యాక్సిల్‌కు చేర్చే పొడవాటి గొట్టం) 3.73 చుట్లు తిరగాలి. అంకె పెరిగితే లాగే బలం పెరుగుతుంది, ఇంధనం కాస్త ఎక్కువ తాగుతుంది.

ముందు స్టిక్కర్లు చూడండి. ఫోర్డ్‌లో డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే లేబుల్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది. పాత షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో గ్లవ్ బాక్స్ లోపలి స్టిక్కర్‌లో జీయూ6 ఉంటే 3.42, జీటీ4 ఉంటే 3.73, జీటీ5 ఉంటే 4.10. స్టిక్కర్ చిరిగిపోయిందా? వీఐఎన్ (బండి గుర్తింపు నంబర్) ఇస్తే డీలర్ చెబుతారు.

సెకండ్ హ్యాండ్ బండైతే నేను స్టిక్కర్‌ను పూర్తిగా నమ్మను, పాత ఓనరు గేర్లు మార్పించి ఉండొచ్చు. అప్పుడు లెక్కపెట్టడమే మేలు. చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, వెనక ఒక చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద తప్పనిసరిగా స్టాండ్ పెట్టండి. జాకీని నమ్ముకుని బండి కిందకి దూరొద్దు, ప్రాణం మీదకు వస్తుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ తీసేయండి. టైరు మీద, షాఫ్ట్ మీద చాక్‌పీస్‌తో గీత గీసి, చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) అయితే ఈలోపు షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. దాదాపు మూడుముప్పావు చుట్లు తిరిగితే 3.73 అనుకోవచ్చు. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే జారి తిరగకుండా అదుపు చేసే డిఫరెన్షియల్) ఉన్న బండికైతే రెండు వెనక చక్రాలూ లేపి, ఒక్క చుట్టే తిప్పాలి.

వచ్చిన అంకెను మీ బండి తయారైన సంవత్సరపు టోయింగ్ గైడ్ (ఏ బండి ఎంత బరువు లాగగలదో కంపెనీ చెప్పే పుస్తకం) పట్టికలో చూసుకోండి.